తోక లేని ఎలుకకు దుబాసీ కావాలి

వైర్‌లెస్ మౌస్ మొండికేస్తే అందరూ మౌస్‌నే తిట్టుకుంటారు. అసలు తేల్చుకోవలసింది ల్యాప్‌టాప్‌లో ఉన్న రేడియో ఎవరిది, దాని డ్రైవర్ ఎక్కడిది అన్న సంగతి

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కావచ్చు, ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ కావచ్చు, చెన్నై రిచీ స్ట్రీట్ కావచ్చు, బెంగళూరు ఎస్‌పీ రోడ్డు కావచ్చు. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఏ దుకాణంలోనైనా మౌస్‌లు వరసగా వేలాడుతుంటాయి. పెట్టె మీద వైర్‌లెస్ అన్న మాట దూరం నుంచే కనిపించేంత పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ వైర్‌లెస్ ఏ జాతిదో చెప్పే గుర్తేమో పెట్టె వెనక, తయారీ తేదీకీ దిగుమతిదారు చిరునామాకీ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. కొనేవాళ్లు "వైరు లేనిది ఇవ్వండి" అంటారు. అమ్మేవాళ్లు ఇస్తారు. ఇద్దరిలో ఎవరూ అంతకు మించి అడగరు.

ఇంటికి వెళ్లాక కథ రెండు రకాలుగా నడుస్తుంది. మొదటి రకంలో, మౌస్ అడుగున బ్యాటరీ గూట్లో గోరంత యుఎస్‌బి ముక్క ఉన్న సంగతి గమనించరు. ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ తెరిచి, జాబితాలో మౌస్ పేరు ఎప్పుడు వస్తుందా అని చూస్తూ కూర్చుంటారు. అది రాదు. అది అసలు బ్లూటూత్ మౌసే కాదు మరి. రెండో రకంలో మౌస్ నిజంగా బ్లూటూత్‌దే, నీలిరంగు గుర్తు కూడా ఉంది, కానీ ల్యాప్‌టాప్ దాని ముఖం చూడదు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఇంటర్నెట్‌లో మౌస్ మోడల్ పేరు, పక్కనే డ్రైవర్ అన్న మాట కొట్టి వెతకడం. దారి తప్పేది సరిగ్గా ఇక్కడే.

ఎందుకంటే మామూలు మౌస్‌కు సొంత డ్రైవర్ అవసరమే ఉండదు. పాయింటర్ కదపడం, రెండు బటన్లు నొక్కడం, చక్రం తిప్పడం అనే పనులకు యుఎస్‌బి కాలం నుంచే ఒక ఉమ్మడి భాష ఉంది. దాన్ని హెచ్ఐడి అంటారు. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నింటికీ ఆ భాష పుట్టుకతోనే వచ్చు. బ్లూటూత్ మౌస్ కూడా అదే భాష మాట్లాడుతుంది, కాకపోతే వైరు మీద కాకుండా గాలిలో. కాబట్టి మౌస్ చెప్పేది ఆపరేటింగ్ సిస్టమ్‌కు అర్థమవుతుంది. అర్థం కావాలంటే ముందు వినిపించాలి. వినే చెవి ల్యాప్‌టాప్ లోపలున్న బ్లూటూత్ చిప్. ఆ చిప్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య నిలబడే దుబాసీయే డ్రైవర్. వెతకవలసింది ఈ దుబాసీని. మౌస్ పేరుతో వెతికితే అతను దొరకడు.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. యాపిల్ మ్యాజిక్ మౌస్‌ను విండోస్ ల్యాప్‌టాప్‌తో జత చేస్తే పాయింటర్ కదులుతుంది, క్లిక్ పడుతుంది. పైనున్న నున్నటి ఉపరితలాన్ని వేలితో నిమిరితే పేజీ కదలాలి కదా, అది మాత్రం యాపిల్ డ్రైవర్ లేనిదే జరగదు. ఖరీదైన మౌస్‌ల పక్కనుండే అదనపు బటన్లకు పనులు అప్పగించడానికి కూడా కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి. అవి సోకులు. మౌస్ అసలే కదలనప్పుడు వాటి జోలికి పోయి లాభం లేదు.

రెండు జాతులు, ఒకే దారి

డాంగిల్‌తో వచ్చే మౌస్‌లూ బ్లూటూత్ మౌస్‌లూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలోనే మాట్లాడతాయి. వైఫై కూడా అక్కడ తిరుగుతుంది. మైక్రోవేవ్ ఓవెన్ నుంచి తప్పించుకునే కాస్త సెగ కూడా అక్కడికే వస్తుంది. మన దేశంలో ఈ పట్టీలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నోటిఫికేషన్ ఇచ్చింది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టాన్ని అక్షరాలా చదివితే మీ చేతిలోని మౌస్ కూడా ఒక రేడియో యంత్రమే మరి.

దారి ఒకటే అయినా నడక వేరు. డాంగిల్ మౌస్ తన సొంత రిసీవర్‌తో సొంత భాషలో మాట్లాడుకుంటుంది. ఆ రిసీవర్ ల్యాప్‌టాప్‌కు తనను మామూలు యుఎస్‌బి మౌస్‌గా పరిచయం చేసుకుంటుంది. రేడియో సంగతి ల్యాప్‌టాప్‌కు తెలియనే తెలియదు. అందుకే దానికి బ్లూటూత్ డ్రైవర్‌తో పనిలేదు. పదిహేనేళ్ల నాటి కంప్యూటర్‌లోనూ పనిచేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా లేవకముందే, బయోస్ తెరలోనూ పనిచేస్తుంది. బదులుగా ఒక యుఎస్‌బి రంధ్రాన్ని శాశ్వతంగా ఆక్రమిస్తుంది. రిసీవర్ పోగొట్టుకుంటే చౌకరకం మౌస్ చాలావరకు చెత్తబుట్ట పాలే. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫైయింగ్ రిసీవర్ లాంటివి కొంత నయం. ఒక్క రిసీవర్‌కు ఆరు పరికరాల దాకా జత చేయవచ్చు, పోతే మరొకటి కొనుక్కోవచ్చు. అదే కంపెనీ 2021లో బోల్ట్ అనే కొత్త రిసీవర్ తెచ్చింది. దానికీ పాతదానికీ పొత్తు కుదరదు. చూడటానికి కవలల్లా ఉండే ఈ రెంటినీ కలగాపులగం చేసుకుని, మౌస్ పాడైందనుకునేవాళ్లు ఉన్నారు.

బ్లూటూత్ మౌస్ సంగతి అలా కాదు. పది మీటర్ల దూరంలోని ఏ కంపెనీ పరికరమైనా మరే కంపెనీ పరికరంతోనైనా మాట్లాడాలన్నది ఈ ప్రమాణం పుట్టుకలోనే ఉంది. స్వీడన్ కంపెనీ ఎరిక్‌సన్‌లో 1994లో జాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజనీరు ఈ పని మొదలుపెట్టాడు. 1998లో ఎరిక్‌సన్, ఇంటెల్, నోకియా, ఐబీఎం, తోషిబా కలిసి సంఘం పెట్టాయి. చీలికల పేలికలుగా ఉన్న తెగలను కలిపిన పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు దానికి పెట్టుకున్నారు. ఇంటెల్‌కు చెందిన జిమ్ కార్డాక్ సూచించిన ఆ పేరు తాత్కాలికం అనుకున్నారు గానీ అదే స్థిరపడింది. వైఫై హోరు మధ్య నెగ్గుకురావడానికి సంప్రదాయ బ్లూటూత్ 79 చానళ్ల మీద సెకనుకు 1,600 సార్లు గెంతుతూ మాట్లాడుతుంది. అన్ని కంపెనీలనూ కలపాలన్న ఆశయం గొప్పదే. కంప్యూటర్ల దగ్గరికి వచ్చేసరికి తెగలు మళ్లీ చీలిపోయాయి.

ఎక్స్‌పి కాలపు చిక్కుముడి

విండోస్ ఎక్స్‌పి 2001లో వచ్చినప్పుడు అందులో బ్లూటూత్ లేదు. 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ సొంత బ్లూటూత్ సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. డ్రైవర్‌నూ, దాని పైన ఉండే ఈ మొత్తం సరంజామానూ కలిపి స్టాక్ అంటారు. ఆ మధ్య కాలంలో ఖాళీని వేరేవాళ్లు ఆక్రమించారు. విడ్‌కామ్ అనే కంపెనీ స్టాక్ ఒకటి (దాన్ని 2004లో బ్రాడ్‌కామ్ కొనేసింది), తోషిబాది ఒకటి, బ్లూసోలెయిల్ ఒకటి. మైక్రోసాఫ్ట్ స్టాక్‌లో మౌస్, కీబోర్డు పనిచేసేవి, స్టీరియో హెడ్‌ఫోన్లు పనిచేసేవి కావు. విడ్‌కామ్‌లో అన్నీ పనిచేసేవి. కానీ తనకు లైసెన్సు లేని డాంగిల్ కనిపిస్తే లైసెన్సు ఫైలు ఏదీ అని నిలదీసేది. బ్లూసోలెయిల్ ఉచిత ప్రతిలో కొన్ని మెగాబైట్లు దాటగానే పని ఆగిపోయేది.

వినియోగదారులు ఏం చేసేవారు? పాటలు వినడానికి ఒక స్టాక్ ఎక్కించేవారు. అది ఎక్కగానే మౌస్ పోయేది. మౌస్ కోసం రెండోది ఎక్కించేవారు. ఒక చిప్‌ను ఒకే సమయంలో ఒకే స్టాక్ నడపగలదు. ఇద్దరు దుబాసీలు ఒకే దొర పక్కన చేరి ఒకరినొకరు తోసుకున్నట్టు ఉండేది వ్యవహారం. డ్రైవర్ ఎంచుకోవడం అనే మాటకు అప్పట్లో నిజంగానే అర్థం ఉంది, మూడు నాలుగు స్టాక్‌లలో ఏది అని.

ఈ రోజుల్లో ఆ గొడవ లేదు. విండోస్ 10, 11లలో స్టాక్ మైక్రోసాఫ్ట్‌దే. చిప్ కంపెనీలు ఇచ్చేది దాని కింద పనిచేసే చిన్న డ్రైవర్, దాంతోపాటు చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్. కానీ పాత అలవాటు పోలేదు. ఇప్పటికీ బ్లూటూత్ డ్రైవర్ కోసం వెతికేవారికి ఆ పాత స్టాక్‌ల ప్రతులు ఎక్కడెక్కడి సైట్లలోనో ఎదురవుతూనే ఉంటాయి. కొత్త ల్యాప్‌టాప్‌లో వాటిని ఎక్కించడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే.

చిప్ ఎవరిదో తెలుసుకోవాలి

అయితే సరైన దుబాసీని పట్టుకోవడం ఎలా? విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి బ్లూటూత్ అన్న శీర్షిక కింద చూడాలి. చిప్ పేరు అక్కడే కనిపిస్తే సగం పని అయినట్టే. పేరు లేకుండా పసుపు గుర్తుతో 'తెలియని పరికరం' అని ఉంటే దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ విభాగానికి వెళ్లి హార్డ్‌వేర్ ఐడి చూడాలి. విఐడి అన్న అక్షరాల పక్కన నాలుగు అంకెలో అక్షరాలో ఉంటాయి. అది ఆ చిప్ ఇంటిపేరు. 8087 అయితే ఇంటెల్. (1980లో ఇంటెల్ తెచ్చిన లెక్కల చిప్ పేరు కూడా 8087.) 0బిడిఎ అయితే రియల్‌టెక్, 0సిఎఫ్3 అయితే క్వాల్‌కామ్ ఎథెరాస్, 0ఎ5సి అయితే బ్రాడ్‌కామ్, 0ఇ8డి అయితే మీడియాటెక్. ఒక్కోసారి చిప్‌ను కార్డుగా బిగించిన కంపెనీ సంఖ్య అక్కడ ఉంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ పేజీయే గతి.

అసలు మొదట వెళ్లవలసింది కూడా అక్కడికే. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరో, మోడల్ నంబరో ఆ కంపెనీ సైట్‌లో కొడితే ఆ యంత్రానికి సరిపోయే డ్రైవర్ల జాబితా వస్తుంది. చిప్ కంపెనీ దగ్గర దానికంటే కొత్త వెర్షన్ ఉండవచ్చు. కానీ ల్యాప్‌టాప్ తయారీదారు తన యంత్రానికి తగ్గట్టు మార్చుకున్న అంశాలు అందులో ఉండకపోవచ్చని ఇంటెల్ తానే హెచ్చరిస్తుంది. కొత్తదల్లా మంచిది కాదు. ల్యాప్‌టాప్ కంపెనీ తన పాత మోడల్‌ను గాలికొదిలేసినప్పుడు, అంటే చివరి డ్రైవర్ వచ్చి నాలుగైదేళ్లు దాటినప్పుడు, చిప్ కంపెనీ తలుపు తట్టడంలో అర్థముంది. ఇక విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అనే మూలన కూడా డ్రైవర్లు పడి ఉంటాయి. చాలామంది అటువైపు తొంగిచూడరు. కొత్త డ్రైవర్ వేశాక పరిస్థితి విషమిస్తే పాతదానికి వెళ్లడానికి డివైస్ మేనేజర్‌లోనే 'రోల్ బ్యాక్' బటన్ ఉంటుంది.

ఇక్కడ మరో తిరకాసు ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిన్న కార్డు మీద ఉంటాయి. కార్డు ఒకటే అయినా అందులోని బ్లూటూత్ భాగం చాలావాటిలో లోపలి యుఎస్‌బి దారిలో వస్తుంది, వైఫై వేరే దారిలో వస్తుంది. డ్రైవర్లూ వేరే. ఫార్మాట్ చేయించి తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో వైఫై బాగానే పనిచేస్తూ బ్లూటూత్ మాయమైతే కారణం చాలాసార్లు ఇదే. మెకానిక్ ఇంటర్నెట్ వచ్చేదాకా చూసి ఊరుకున్నాడన్నమాట.

బ్లూటూత్ అన్న శీర్షికే డివైస్ మేనేజర్‌లో లేకపోతే? అప్పుడు డ్రైవర్ల కోసం పరుగెత్తడం దండగ. పాత ల్యాప్‌టాప్‌లలో ముందుభాగాన చిన్న మీట ఉండేది, లేదా ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కే బటన్ ఉంటుంది. అది ఆపేసి ఉంటే చిప్ విండోస్ కంటికే ఆనదు. బయోస్‌లో ఆపేసి ఉండవచ్చు కూడా. కొన్నిసార్లు చిప్ తనంతట తాను మొద్దుబారిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి ఉంచితే తిరిగి లేచిన సందర్భాలు కోకొల్లలు. విండోస్‌లో షట్‌డౌన్ నొక్కితే పూర్తిగా ఆగినట్టు కాదు, ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల కొంత జ్ఞాపకం మిగిలి ఉంటుంది. రీస్టార్ట్ నొక్కితేనే డ్రైవర్లు మొదటి నుంచీ మొదలవుతాయి.

నీలి గుర్తు ఒకటే, లోపల రెండు

డ్రైవర్ సరిగ్గా ఉన్నా మౌస్ కలవని సందర్భం మరొకటి ఉంది. అమ్మేవాళ్లు కూడా చెప్పలేనిది, కొన్నవాళ్లకు ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. 2010లో బ్లూటూత్ 4.0తో లో ఎనర్జీ అనే కొత్త పద్ధతి వచ్చింది. పేరు బ్లూటూతే అయినా సంప్రదాయ బ్లూటూత్‌కూ దానికీ భాష కలవదు. 79 చానళ్లు పోయి 40 అయ్యాయి, కరెంటు వాడకం బాగా తగ్గింది. మౌస్‌లో వేసిన ఒక్క పెన్సిల్ సెల్ నెలల తరబడి రావడం దీని చలవే. కొత్తగా వచ్చే బ్లూటూత్ మౌస్‌లలో చాలావరకు లో ఎనర్జీవే.

విండోస్ 7 వచ్చింది 2009లో. లో ఎనర్జీ అప్పటికి పుట్టలేదు. మైక్రోసాఫ్ట్ దాన్ని 2012లో విండోస్ 8తో చేర్చింది గానీ వెనక్కి వెళ్లి 7కు ఇవ్వలేదు. కాబట్టి విండోస్ 7 ఉన్న ల్యాప్‌టాప్‌లో చిప్ 4.0 దే అయినా, డ్రైవర్ సక్రమంగా ఉన్నా, లో ఎనర్జీ మౌస్ కనిపించదు. చిప్ కంపెనీలిచ్చిన కొన్ని ప్రత్యేక స్టాక్‌లను మినహాయిస్తే ఇది మందులేని రోగం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న ముగిసింది. అయినా చిన్న ఊళ్ల డీటీపీ సెంటర్లలోనో, అకౌంట్లు రాసే గదుల్లోనో అలాంటి యంత్రం తగిలితే ఆశ్చర్యం లేదు. దానికి బ్లూటూత్ మౌస్ కొనిపెట్టి, ఆ తర్వాత డ్రైవర్ కోసం రాత్రంతా మేలుకోవడం అనవసర ప్రయాస. డాంగిల్ మౌస్ నాలుగైదు వందలకే వస్తుంది.

మీ ల్యాప్‌టాప్ చిప్ ఏ తరానిదో చూసుకోవడం తేలికే. డివైస్ మేనేజర్‌లో చిప్ ప్రాపర్టీస్ తెరిస్తే అడ్వాన్స్‌డ్ విభాగంలో ఎల్ఎంపి అన్న సంఖ్య ఉంటుంది. అది 4 అయితే బ్లూటూత్ 2.1, 5 అయితే 3.0, 6 అయితే 4.0, 9 అయితే 5.0. ఆరు నుంచి పైకి ఉంటే లో ఎనర్జీ మౌస్‌కు సాధారణంగా ఢోకా లేదు. అక్కడి నుంచి పైకి వెర్షన్ అంకెల మోజు పెట్టుకోనక్కర్లేదు. 5.0 మౌస్ 4.0 ల్యాప్‌టాప్‌తో హాయిగా కలుస్తుంది. పెట్టె మీద 5.3 అని ఉంటే మౌస్ వేగంగా కదులుతుందనుకోవడం అమాయకత్వం.

వేగం మాట వచ్చింది కాబట్టి, ఆటలు ఆడేవాళ్లు బ్లూటూత్ జోలికి పోకపోవడమే మంచిది. ఏళ్లుగా వాడుకలో ఉన్న లో ఎనర్జీ పరికరాల్లో మౌస్ రెండుసార్లు పలకరించడానికి మధ్య కనీసం 7.5 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది, అంటే సెకనుకు 133 సార్లు. ఆటల కోసం చేసిన డాంగిల్ మౌస్‌లు వెయ్యి సార్లు పలకరిస్తాయి. ఉత్తరాలు రాసుకునేవారికి ఈ తేడా తెలియదు. తుపాకీ గురిపెట్టేవారికి తెలుస్తుంది.

నేరం ఒకరిది, నింద ఒకరికి

మౌస్ కలిసింది, కానీ కాసేపు వదిలేసి మళ్లీ కదిపితే రెండు మూడు సెకన్లు ఉలకదు పలకదు. ఇది డ్రైవర్ లోపంలా కనిపిస్తుంది. చాలాసార్లు పొదుపు పుణ్యం. బ్యాటరీ మిగల్చడానికి విండోస్ ఆ చిప్‌ను నిద్రపుచ్చుతుంది. ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ విభాగంలోని టిక్ తీసేస్తే సరిపోతుంది. పాయింటర్ కుంటుతూ, గెంతుతూ పోతుంటే పక్కనే యుఎస్‌బి 3.0 హార్డ్‌డిస్క్‌గానీ పెన్‌డ్రైవ్‌గానీ ఉందేమో చూడాలి. ఆ కేబుల్, కనెక్టర్ల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల రొద వెలువడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం ప్రచురించింది. డాంగిల్ మౌస్‌కు ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. అడుగు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని రిసీవర్‌ను దూరంగా పెడితే ఏ డ్రైవర్ చేయలేని మేలు జరుగుతుంది.

విండోస్ మళ్లీ ఎక్కించాక, నిన్నటిదాకా పనిచేసిన మౌస్ కలవకపోవడం మరో ఫిర్యాదు. జత కుదిరినప్పుడు మౌస్, ల్యాప్‌టాప్ ఒక రహస్య తాళంచెవి పంచుకుంటాయి. ఫార్మాట్‌తో ల్యాప్‌టాప్ తన చెవిని పారేసుకుంది, మౌస్ పాతదాన్నే పట్టుకుని కూర్చుంది. జాబితాలో పాత పేరు ఉంటే తొలగించి, మౌస్ అడుగు బటన్‌ను దీపం వేగంగా మినుకుమనేదాకా నొక్కి, కొత్తగా జత చేయాలి. పాత మౌస్ రహస్య సంఖ్య అడిగితే చాలావరకు నాలుగు సున్నాలు. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్నవారికి ఈ తాళంచెవి తగాదా రోజూ ఉంటుంది. చిప్ ఒకటే కాబట్టి మౌస్ దృష్టిలో అది ఒకే ల్యాప్‌టాప్, కానీ రెండు సిస్టమ్‌ల దగ్గర రెండు వేరు చెవులు. ఇటు జత చేస్తే అటు పోతుంది. ఒకదాని చెవిని రెండోదానికి చేత్తో నకలు చేయడం తప్ప వేరే ఉపాయం లేదు. లేదా మూడు యంత్రాలతో విడివిడిగా జత కుదిరే మౌస్ కొని, ఒక స్థానం విండోస్‌కు, ఒకటి లినక్స్‌కు ఇవ్వాలి.

లినక్స్ పేరెత్తాం కాబట్టి, డ్రైవర్ల వేట అక్కడ చాలావరకు లేదు. బ్లూజెడ్ అనే బ్లూటూత్ స్టాక్ 2001లోనే దాని కెర్నెల్‌లో భాగమైంది. మొదట రాసింది క్వాల్‌కామ్ ఇంజనీరు మాక్స్ క్రాస్నియాన్‌స్కీ. చిప్ కంపెనీల ఫర్మ్‌వేర్ కూడా డిస్ట్రిబ్యూషన్‌తోపాటే వస్తుంది. విండోస్ 10కు కూడా మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసి, విండోస్ 11 షరతులు నెరవేర్చలేని ల్యాప్‌టాప్‌లు మూలనపడుతున్న వేళ ఇది చిన్న విషయం కాదు. విండోస్ 7లో లో ఎనర్జీ మౌస్‌ను ససేమిరా అన్న యంత్రమే, చిప్ 4.0 అయితే, కొత్త లినక్స్‌లో దాన్ని ఆదరిస్తుంది.

ఇంతకీ డ్రైవర్ల వెతుకులాటలో నిజమైన ప్రమాదం మౌస్ పనిచేయకపోవడం కాదు. మౌస్ పేరూ డ్రైవర్ అన్న మాటా కలిపి వెతికినవారి కోసం కాచుకుని కూర్చున్న డ్రైవర్ అప్‌డేటర్ కార్యక్రమాలది. అవి ఉచితంగా తనిఖీ చేస్తామంటాయి. చేశాక మీ ల్యాప్‌టాప్‌లో ఇరవయ్యో ముప్ఫయ్యో డ్రైవర్లు పాతబడ్డాయని ఎర్రక్షరాల్లో చూపిస్తాయి. సరిచేయాలంటే డబ్బు అడుగుతాయి. కొన్ని తప్పుడు డ్రైవర్లు ఎక్కిస్తాయి, కొన్ని ప్రకటనల పురుగులను వెంటబెట్టుకొస్తాయి. డ్రైవర్ అంటే కంప్యూటర్ లోపలి గదుల దాకా వెళ్లే అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్. ఊరూపేరూ లేనివాడికి ఇంటి తాళాలు ఇచ్చినట్టే. ఇంకొందరు తెర మీద హెచ్చరిక, పక్కనే ఫోన్ నంబరు పెట్టి సాయం చేస్తామంటారు. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులతో ఇలాంటి నకిలీ సాయపు కాల్ సెంటర్లపై సీబీఐ 2023 అక్టోబర్‌లో ఆపరేషన్ చక్ర-2 పేరిట పలు రాష్ట్రాల్లో సోదాలు చేసింది. డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే పిలవవలసిన జాతీయ నంబరు 1930.

అలాగని డ్రైవర్‌ను అసలు ముట్టుకోకుండా ఉండటం కూడా తెలివైన పని కాదు. 2017 సెప్టెంబర్‌లో బయటపడిన బ్లూబోర్న్ లోపాలతో, జత చేయని పరికరం నుంచి కూడా ఫోన్లు, కంప్యూటర్ల మీద దాడి చేయవచ్చని తేలింది. పరిశోధకుడు మార్క్ న్యూలిన్ 2023 డిసెంబర్‌లో మరో లోపం బయటపెట్టాడు. యజమాని అనుమతి లేకుండానే తనను కీబోర్డుగా పరిచయం చేసుకుని, తెర ముందు కూర్చున్నవాడు కొట్టినట్టే అక్షరాలు కొట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ తన బ్లూటూత్ డ్రైవర్‌లోని ఇలాంటి కన్నాన్ని 2024 జనవరిలో పూడ్చింది. డాంగిల్ వాడేవారు మురిసిపోనక్కర్లేదు. అదే న్యూలిన్ 2016లో మౌస్‌జాక్ పేరుతో చూపించింది వాటి బలహీనతనే. పలు పెద్ద కంపెనీల రిసీవర్లు మౌస్ సంకేతాలను సంకేతభాషలోకి మార్చకుండానే స్వీకరించేవి. దూరాన ఉన్నవాడు అదే దారిలో కీబోర్డు అక్షరాలు కూడా పంపగలిగాడు. బ్యాంకు పనులు చేసే ల్యాప్‌టాప్‌కు పాత సరుకు డాంగిల్ గుచ్చేముందు ఇది గుర్తుంచుకోవాలి.

చివరగా, బ్లూటూత్ లేని ల్యాప్‌టాప్‌కు లేదా చిప్ చచ్చిపోయినదానికి చిన్న యుఎస్‌బి అడాప్టర్ పెట్టుకోవడం చౌక మార్గం. అందులోనూ ఒక గోతి ఉంది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన సీఎస్‌ఆర్ కంపెనీ (2015లో క్వాల్‌కామ్ కొనేసింది) చేసిన 4.0 చిప్ ఒకప్పుడు బాగా పేరు తెచ్చుకుంది. దాని పేరూ సంఖ్యలూ అతికించుకున్న నకిలీ చిప్‌లు అడాప్టర్లలో ఎన్ని వచ్చాయంటే, వాటిని గుర్తుపట్టి సర్దుకుపోవడానికి లినక్స్ కెర్నెల్‌లో ప్రత్యేకంగా కోడ్ రాయాల్సివచ్చింది. అలాంటి అడాప్టర్‌తో పాటు వచ్చే బుల్లి సీడీలో ఏదో పాత స్టాక్ ఉంటుంది. దాన్ని పక్కన పెట్టి, ముందు అడాప్టర్ ఒక్కటే గుచ్చి చూడండి. విండోస్ 10, 11లలో మంచి సరుకైతే నిమిషంలో దానంతట అదే పనిచేయాలి. ఈ ప్రయత్నాలన్నీ చేసేటప్పుడు సొరుగులో ఒక వైరు మౌస్ ఉంచుకోవాలి. బ్లూటూత్ డ్రైవర్ తీసేయమని నొక్కిన మరుక్షణం, కొత్తది ఎక్కించడానికి క్లిక్ చేయవలసిన ఆ బ్లూటూత్ మౌస్ కదలదు కదా.